చిన్న హాల్లో పంక్ షో: ఒక్కదాన్నే వెళ్ళనా?

ప్రశ్న: అక్కా, నాకు 37 ఏళ్ళు. కాలేజీ రోజుల నుంచీ పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న బ్యాండ్లు చేసే ఇండీ పాటలన్నా, హోరెత్తే పంక్ రాక్ పాటలన్నా పిచ్చి. కానీ ఇన్నాళ్ళూ విన్నదంతా హెడ్‌ఫోన్స్‌లోనే. పెద్ద స్టేడియం కచేరీలకి ఒకటి రెండుసార్లు వెళ్ళి, స్క్రీన్ మీద చూసి వచ్చేశాను. ఇప్పుడు నేను ఎంతో ఇష్టంగా వినే ఒక చిన్న బ్యాండ్, 150 మంది పట్టే హాల్లో వాయిస్తోంది. నాకూ నా స్నేహితురాలికీ కలిపి రెండు టికెట్లు కొన్నాను. తీరా తను రానంటోంది. ఒక్కదాన్నే వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది. అక్కడ అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలే ఉంటారేమో, వాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళేమో. పైగా నేను పొట్టి. ముందు నిలబడితే మోష్ పిట్‌లో, అదే జనం పాటకి ఒకరినొకరు తోసుకుంటూ గెంతే చోట, నలిగిపోతాను, వెనక నిలబడితే ఏమీ కనపడదు. మా బ్యాండ్ కంటే ముందు వాయించే రెండు బ్యాండ్ల పేర్లు కూడా నేనెప్పుడూ వినలేదు. చెవులు పోతాయని మా ఆయన ఒకటే భయపెడుతున్నారు. వెళ్ళనా, మానేయనా? వెళితే మిగిలిన టికెట్ ఏం చేయను?
- పేరు వేయకండి

జవాబు: అక్కా అన్నారు కాబట్టి చనువుగానే చెప్తాను. వెళ్ళండి, ఒక్కరే వెళ్ళండి. మీ స్నేహితురాలు రానన్నందుకు నాకైతే లోలోపల సంతోషంగానే ఉంది. ఇష్టం లేకుండా వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుంటే సాయంత్రమంతా స్టేజీ వైపు కాకుండా ఆవిడ మొహం వైపు చూస్తూ గడుపుతారు. బోర్ కొడుతోందా, కాళ్ళు నొప్పులా, వెళ్ళిపోదామా అని అడుగుతూనే ఉంటారు. ఒక్కరే ఉంటే ఆ బాధ్యత లేదు. నచ్చిన చోట నిలబడొచ్చు, నచ్చకపోతే బయటికొచ్చి గాలి పీల్చుకోవచ్చు, మధ్యలో ఇంటికొచ్చేసినా అడిగేవాళ్ళు లేరు.

మీ ఉత్తరం చదివితే నాకర్థమైంది ఒకటే. మిమ్మల్ని భయపెడుతున్నది రద్దీ కాదు, హాలు చిన్నది కావడం. ఇరవై వేలమంది స్టేడియంలో మీరు వచ్చినా రాకపోయినా ఎవరికీ తేడా తెలియదు. 150 మంది పట్టే హాల్లో, అందులోనూ వారం మధ్యలో అయితే, వచ్చేది అరవై డెబ్బై మంది. మీరు కనపడతారు. పాడేవాళ్ళకి మీ మొహం కనపడుతుంది, మీ మొహంలో ఆవులింత కూడా కనపడుతుంది. మీరు దేనికి జంకుతున్నారో, ఈ షోలకి జనం వెళ్ళేది సరిగ్గా దానికోసమే. ఆ గదిలో ప్రేక్షకులని ఒక వేరే వర్గం ఉండదు.

ఇది నేను కవిత్వం కోసం అంటున్నది కాదు. 1976 జూన్ 4న ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్ అనే చిన్న హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే లండన్ పంక్ బ్యాండ్ వాళ్ళు వాయించారు. వచ్చినవాళ్ళు పదుల్లోనే. ఆ షో పెట్టింది హోవార్డ్ డివోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళకీ బజ్‌కాక్స్ అని ఒక బ్యాండ్ ఉంది కానీ అప్పటికింకా వాయించే స్థితిలో లేదు. జనంలో నిలబడి చూసిన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ తర్వాత జాయ్ డివిజన్ అనే బ్యాండ్ పెట్టారు. హుక్ అయితే మర్నాడే వెళ్ళి బేస్ గిటార్ కొనుక్కొచ్చాడు. ఆ తర్వాతి కాలంలో 'ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా' అని చెప్పుకున్నవాళ్ళందరినీ కలిపితే ఆ హాలు చాలదు, అది వేరే సంగతి. డివోటో, షెల్లీ ఏడాది కూడా తిరక్కుండా 1977 జనవరిలో అప్పు తెచ్చిన డబ్బుతో సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పెట్టి తమ మొదటి రికార్డు తామే వేసుకున్నారు.

మీరు కూడా మర్నాడు గిటార్ కొనుక్కోమని కాదు నేననేది. అక్కడ చూసేవాళ్ళకీ చేసేవాళ్ళకీ మధ్య గోడ లేదు, ఇప్పటికీ లేదు. గుమ్మం దగ్గర మీ చేతి మీద స్టాంపు వేసే అమ్మాయి ఇంకో బ్యాండ్‌లో పాడుతుంటుంది. మొదటి బ్యాండ్ డ్రమ్మర్ తన వంతు అయిపోగానే చెమట తుడుచుకుంటూ వచ్చి మీ పక్కనే నిలబడి రెండో బ్యాండ్‌ని చూస్తాడు. అందరికీ అందరూ తెలుసేమోనని రాశారు. నిజమే, చాలామందికి తెలుసు. కానీ వాళ్ళందరూ కూడా మొదటిసారి ఎవరూ తెలియకుండా వచ్చినవాళ్ళే. తెలియని మనిషి ఒకరు టికెట్ కొనుక్కుని వచ్చారంటే అక్కడి వాళ్ళకి అది శుభవార్త. స్నేహితులు మాత్రమే వచ్చే షోతో పెట్రోలు ఖర్చులు కూడా రావు.

వయసు గురించి ఎక్కువ రాయను. ఈ సంగీతం పుట్టి యాభై ఏళ్ళు అవుతోంది. అప్పటి కుర్రాళ్ళకి ఇప్పుడు డెబ్బై. గోడకి ఆనుకుని నిలబడే వరసలో తెల్లజుట్టు వాళ్ళు మీకు తప్పకుండా కనపడతారు. బట్టల సంగతీ అంతే. పిన్నీసులు, ముళ్ళజుట్టు అనేవి లండన్‌లో ఒక కాలపు ఫ్యాషన్. హార్డ్‌కోర్ అనే ఇంకా వేగమైన పంక్ వాయించే వాషింగ్టన్ పిల్లలు మామూలు టీషర్టు వేసుకుని స్టేజీ ఎక్కేవాళ్ళు. మీరు వేసుకోవాల్సింది కాలివేళ్ళని పూర్తిగా మూసే, లేసులు గట్టిగా కట్టుకోగలిగే బూట్లు. చెప్పులు వద్దు, హీల్స్ అసలొద్దు. జుట్టు ముడి వేసుకోండి, వేలాడే చెవిపోగులు ఇంట్లో పెట్టండి. బ్యాగు వీలైనంత చిన్నది, ఒంటికి అడ్డంగా వేసుకునేది. లోపల ఉక్క ఎక్కువ కాబట్టి పలచటి నూలు బట్టలు హాయి.

ఇక ఆ పేరు వినని రెండు బ్యాండ్లు. నా మాట వింటే మొదటి బ్యాండ్ మొదటి పాటకే హాల్లో ఉండండి. టికెట్ మీద సాధారణంగా రెండు సమయాలు ఉంటాయి: తలుపులు తీసేది ఒకటి, షో మొదలయ్యేది ఒకటి. రెంటికీ మధ్య అరగంటో గంటో తేడా ఉంటుంది. తలుపులు తీసే సమయానికి వెళితే ఖాళీ హాల్లో బిక్కుబిక్కుమంటూ నిలబడాల్సి వస్తుంది. షో సమయానికి ఓ పది నిమిషాల ముందు చాలు. మొదటి బ్యాండ్లకి ఇచ్చేది తలా 25, 30 నిమిషాలు. మధ్యలో సామాన్లు మార్చుకోవడానికి 15, 20 నిమిషాలు. మీ బ్యాండ్ ముప్పావుగంట వాయిస్తే గొప్ప. తక్కువేంటని బాధపడకండి, పంక్‌లో అదే లెక్క. న్యూయార్క్‌లో సీబీజీబీ అనే క్లబ్బులో 1974లో మొదలుపెట్టినప్పుడు రమోన్స్ అనే బ్యాండ్ వాయించింది ఇరవై నిమిషాలు కూడా ఉండేది కాదు.

మొదటి బ్యాండ్‌కి వెళ్ళమనేది మర్యాద కోసం కాదు. ఆ సమయానికి హాల్లో ఉండేది పాతిక మంది. వాళ్ళెవరూ ముందుకి రారు, స్టేజీకీ జనానికీ మధ్య అర్ధచంద్రాకారంలో ఖాళీ జాగా వదిలేసి నిలబడతారు. ఆ ఖాళీలోకి రెండడుగులు ముందుకి వేసిన మనిషిని ఆ బ్యాండ్ మర్చిపోదు. పొట్టి వాళ్ళకి అదే బంగారు సమయం కూడా. తోపులాట ఉండదు, వేళ్ళు గిటార్ మీద ఎలా కదులుతున్నాయో దగ్గర నుంచి చూడొచ్చు. పాటలు తెలియనక్కర్లేదు. అసలు ఆ రెండు బ్యాండ్ల పాటలు ముందుగా వెతికి వినకండి అంటాను. ఏమొస్తుందో తెలియకుండా ఒక పాట మీద పడటమనేది ఫోన్లో ఇక దొరకని సుఖం. మీ బ్యాండ్ ఈ టూర్‌లో ఏయే పాటలు ఏ వరసలో వాయిస్తోందో కూడా వెతక్కండి.

బ్యాండ్‌కీ బ్యాండ్‌కీ మధ్య విరామంలో అందరూ బయటికి పోతారు. మీరు ఒక్కసారైనా పోకుండా చూడండి. డ్రమ్మర్ ముందు తన తాళాలు, అంటే స్టాండుల మీద ఉండే ఇత్తడి పళ్ళేలు (సింబల్స్), తీసుకుని దిగుతాడు, ఎందుకంటే డ్రమ్ములు ఉమ్మడివైనా తాళాలు ఎవరివి వాళ్ళవే. స్టాండులతో సహా ఎలా ఉన్నవి అలా ఎత్తి పక్కకి తెచ్చేసి, విప్పి సంచిలో పెట్టే పని అక్కడ చేస్తాడు. రెండో బ్యాండ్ గిటారిస్టు మోకాళ్ళ మీద కూర్చుని, కాలితో నొక్కి గిటార్ శబ్దం మార్చే పెడల్ బోర్డు పెట్టెలోంచి తీస్తుంది. ఒక వైరు పనిచేయదు. స్టేజీ అవతల నుంచి ఇప్పుడే దిగిన బ్యాండ్ వాళ్ళు తమ వైరు విసిరేస్తారు, ఆవిడ గాల్లోనే అందుకుంటుంది. పాటల పేర్లు మార్కర్‌తో రాసిన కాగితాన్ని నేలకి నల్ల టేపుతో అంటిస్తారు. మైకులో 'చెక్, చెక్' అంటారు, వెనకున్న సౌండ్ మనిషి బొటనవేలు చూపిస్తాడు, లైట్లు ఆరతాయి. పెద్ద కచేరీల్లో ఇవన్నీ తెర వెనక జరిగిపోతాయి.

ఎక్కడ నిలబడాలి అనేది మీ అసలు సమస్య కదా, దీనికి కొంచెం ఓపిగ్గా చెప్తాను. చిన్న హాల్లో డ్రమ్స్, గిటార్ ఆంప్‌ల (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టెల) శబ్దం స్టేజీ మీద నుంచి నేరుగానే మీకు చేరుతుంది. గొంతు మాత్రం మైకులోంచి, పక్కనున్న పెద్ద స్పీకర్లలోంచి రావాలి. అందుకే స్టేజీకి ఆనుకుని మధ్యలో నిలబడితే గిటార్ దంచేస్తుంది, మాటలు సరిగా వినపడవు. గిటార్ ఆంప్ శబ్దం టార్చిలైటులా ఎదురుగా సన్నగా కొడుతుంది కూడా. దాని ముందు నుంచి రెండడుగులు పక్కకి జరిగినా తేడా తెలుస్తుంది. అన్నీ సమంగా వినపడే చోటు సౌండ్ మనిషి కూర్చునే బల్లకి కొద్దిగా ముందు. కానీ అక్కడ మీకు వీపులు తప్ప ఏమీ కనపడవు.

కాబట్టి మీరు పక్క గోడ పట్టుకోండి. హాల్లోకి వెళ్ళగానే ఎడమ, కుడి గోడల వెంట చూడండి. మెట్టో, అరుగో, బల్లో ఏదో ఒకటి ఉంటుంది. స్టేజీ నుంచి హాలు పొడవులో మూడో వంతు దూరంలో, గోడకి ఒక భుజం ఆనించి, స్పీకర్ వరసకి ఎదురుగా కాకుండా నిలబడితే బ్యాండ్ ఏటవాలుగా కనపడుతుంది. ఒక వైపు గోడ కాబట్టి తోపులాట సగమే. పిట్ పుట్టేది ఎప్పుడూ నడిమధ్యలోనే, స్టేజీకి రెండు మూడు బారల దూరంలో. గోడ దాకా అది సాధారణంగా రాదు. మీ ముందు ఒక ఆరడుగుల మనిషి వచ్చి నిలబడితే భుజం మీద మెల్లగా తట్టి 'నాకు కనపడటం లేదు, ముందుకి రానా' అని అడగండి. పొడుగు వాళ్ళకి ఇది అలవాటే, పక్కకి జరిగిపోతారు.

పిట్ గురించి సినిమా భయాలు పెట్టుకోకండి. బయటి నుంచి కొట్లాటలా కనపడుతుంది కానీ దానికో నడక ఉంది. 2013లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్తలు కచేరీ వీడియోలు పరిశీలించి, మోష్ పిట్‌లో మనుషుల కదలిక వాయువులో అణువుల కదలికలా ఉంటుందని తేల్చారు. గుండ్రంగా పరిగెత్తే సర్కిల్ పిట్‌లో జనం చాలావరకు గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలోనే తిరుగుతారట. ఎవరూ చెప్పకుండానే! ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు ఆగి, చంకల కింద చేతులు పెట్టి లేపుతారు. ఎవరిదో కళ్ళజోడు ఊడిపోతుంది, దొరికినవాళ్ళు దాన్ని తలకి పైన ఎత్తి పట్టుకుని నిలబడతారు, అది ఎవరిదో వాళ్ళు వచ్చి తీసుకునే దాకా. ఒక బూటు అలా గాల్లో ఊగుతూ ఉండటం కూడా చూస్తారు.

మీరు అంచున ఉండగా పిట్ పెద్దదై మీ దాకా వచ్చిందనుకోండి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాళ్ళు కొంచెం వంచండి. రెండు ముంజేతులూ ఛాతీకి అడ్డంగా, అరచేతులు బయటికి. వచ్చి తగిలినవాళ్ళని మళ్ళీ లోపలికి మెల్లగా తోసేయండి. కొట్టడం కాదు, ఊయల తోసినట్టు. అదీ వద్దనుకుంటే రెండు వరసలు వెనక్కి వస్తే చాలు. పైనుంచి జనం చేతుల మీద తేలుతూ ఎవరైనా వస్తుంటే తలవంచి తప్పుకోకండి, రెండు చేతులూ పైకెత్తి తల కాపాడుకుంటూ ముందుకి పంపేయండి. అందరూ తప్పుకుంటే ఆ మనిషి నేల మీద పడతాడు. కొన్ని హార్డ్‌కోర్ షోలలో పిడికిళ్ళు, కాళ్ళు జనం మీదికే విసిరే బాపతు ఉంటుంది. అది నాకు నచ్చదు, దాన్ని సంస్కృతి అని సమర్థించేవాళ్ళు ఇంకా నచ్చరు. అలాంటిది మొదలైతే మొహమాటపడకుండా వెనక్కి వచ్చేయండి.

ఈ మాట అన్నవాళ్ళలో నేను మొదటిదాన్ని కాదు. వాషింగ్టన్‌లో 1987 నుంచి వాయించిన ఫుగాజీ బ్యాండ్ వాళ్ళు జనం ఒకరినొకరు కొట్టుకుంటుంటే పాట మధ్యలో ఆపేసేవాళ్ళు. టికెట్ ఐదు డాలర్ల దగ్గరే ఉంచాలని పట్టుబట్టిన బ్యాండ్ అది. వినని మనిషికి ఆ ఐదు డాలర్లూ కవర్లో పెట్టి ఇచ్చి బయటికి పంపించేవాళ్ళు. 1990ల మొదట్లో బికినీ కిల్ అనే బ్యాండ్ గాయని క్యాథలీన్ హన్నా ఆడపిల్లలు ముందుకి రావాలని స్టేజీ మీద నుంచే పిలిచేది, ఎందుకంటే ముందు వరసలు మగపిల్లల తోపులాటకే అయిపోయేవి. కాలిఫోర్నియాలో బర్క్‌లీలో 924 గిల్‌మన్ స్ట్రీట్ అని ఒక హాలుంది, 1986 చివరి రోజున మొదలై వాలంటీర్ల మీదే నడుస్తోంది. మత్తు లేదు, కొట్లాట లేదు, జాతివివక్ష లేదు, ఆడవాళ్ళని కించపరచడం లేదు అని అక్కడ నియమాలు గోడ మీద రాసి పెట్టారు. అక్కడే పెరిగిన గ్రీన్ డే బ్యాండ్ పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకోగానే వాళ్ళకి కూడా ఆ స్టేజీ మూసేశారు, మళ్ళీ 2015లో గానీ వాయించలేదు. ఆ పట్టుదల కొంచెం అతిగా అనిపించినా, అక్కడి జనం ఆ హాలు తమదనుకోబట్టే అలా చేయగలిగారు.

అందుకే ఎవరైనా మీతో వెకిలిగా ప్రవర్తిస్తే, చెయ్యి వేస్తే, సర్దుకుపోకండి. పెద్ద కచేరీలో సెక్యూరిటీని వెతుక్కునేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. ఇక్కడ సౌండ్ బల్ల పది అడుగుల్లో ఉంటుంది, గుమ్మం దగ్గర మనిషి ఇరవై అడుగుల్లో. వెళ్ళి చెప్పండి. పక్కనున్న అమ్మాయిలకి చెప్పినా చాలు, మీ చుట్టూ చేరిపోతారు. తాగేది ఏదైనా చేతిలోంచి వదలకండి. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి, తిరుగు ప్రయాణం ఎలాగో ముందే చూసుకోవాలి.

లోపలికి వెళ్ళగానే ఇంకో పని: వచ్చిన తలుపు కాకుండా ఇంకో తలుపు ఎక్కడుందో చూసుకోండి. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ద స్టేషన్ అనే క్లబ్బులో బాణసంచా నిప్పురవ్వలు గోడలకున్న ఫోమ్‌కి అంటుకుని వందమంది చనిపోయారు. వేరే తలుపులు ఉన్నా ఎక్కువమంది తాము వచ్చిన ముందు తలుపు వైపే పరిగెత్తి అక్కడ ఇరుక్కుపోయారు. తలుపు వెతకడానికి అర నిమిషం పడుతుంది. ఉన్న ఒకే ఒక్క ఇంకో తలుపుకి సామాన్లు అడ్డం పెట్టి ఉంటే నేనైతే ఆ హాల్లో ఉండను.

చెవుల విషయంలో మీ ఆయన మాటే నిజం. కాకపోతే ఆయన చెప్పింది వెళ్ళకపోవడానికి కారణం కాదు, ఇయర్‌ప్లగ్స్ కొనడానికి కారణం. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ లెక్క చూడండి: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ శబ్దశక్తి రెట్టింపవుతుంది, ఉండగలిగే సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 97 దగ్గర అరగంట, 100 దగ్గర పావుగంట. చిన్న హాల్లో రాక్ బ్యాండ్ 100 దాటడం మామూలే. గది చిన్నది, కప్పు తక్కువ, స్నేర్ డ్రమ్ముకీ తాళాలకీ మైకు అక్కర్లేకుండానే చెవులు గింగురుమంటాయి. మూడు బ్యాండ్లంటే దాదాపు రెండు గంటల శబ్దం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో ఇలాంటి చోట్లకి ప్రమాణాలు పెట్టింది: పావుగంట సగటు 100 డెసిబెల్స్ మించకూడదు, ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలి అని. మీ హాలు వాళ్ళు పాటిస్తారని నమ్ముకోకుండా మీవి మీరు తీసుకెళ్ళండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు.

మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్స్ పనిచేస్తాయి కానీ పై స్వరాలని ఎక్కువగా నొక్కేస్తాయి, పాట దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది. సంగీతం కోసం ఫిల్టర్‌తో చేసినవి అన్ని స్వరాలనీ దాదాపు సమంగా తగ్గిస్తాయి. అవే కొనండి, ఏళ్ళ తరబడి వస్తాయి. ఫోమ్ వాడాల్సి వస్తే పెట్టుకునే పద్ధతి తెలియాలి. శుభ్రమైన వేళ్ళతో దాన్ని సన్నటి పుల్లలా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దోపి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోండి. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే. దూది వల్ల ఉపయోగం లేదు. హాల్లోకి అడుగుపెట్టకముందే పెట్టుకోండి, మాట్లాడటానికని తీయకండి. ఆ హోరులో ప్లగ్స్ ఉంటేనే పక్కవాళ్ళ మాట ఇంకా తేటగా తెలుస్తుంది. ఎవరైనా నవ్వుతారేమోనన్న భయం వద్దు. స్టేజీ మీద డ్రమ్మర్ చెవులు చూడండి, అక్కడా అవే ఉంటాయి. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్యిమంటే ఆ రాత్రికి సర్దుకోవచ్చు. రెండో రోజు కూడా తగ్గకపోతే చెవి డాక్టర్‌కి చూపించుకోండి.

ఫోన్ గురించి ఒక్క మాట. ఒక పాట వీడియో తీసుకోండి, చాలు. మీ పొట్టితనానికి చేయి ఎత్తి పట్టుకుంటే వెనకున్న ఇంకో పొట్టి మనిషికి అడ్డం.

షో అయిపోయిందని ఎలా తెలుస్తుందంటే, లైట్లు వెలిగి స్పీకర్లలో రికార్డు పాట మొదలవుతుంది. అది మొదలయ్యాక అరిచినా ఇక రారు. అప్పుడు వెనక మూల బల్ల దగ్గరికి వెళ్ళండి. టీషర్టులు, క్యాసెట్లు, రికార్డులు పరిచి ఉంటాయి. మీరు ఎంతో ఇష్టంగా వినే మనిషే ఆ బల్ల వెనక నిలబడి, మీడియం సైజు కోసం అట్టపెట్టెలో తల దూర్చి వెతుకుతూ కనపడొచ్చు. టికెట్ డబ్బులు హాలు, సౌండ్, మిగతా బ్యాండ్లు అందరూ పంచుకుంటే మిగిలేది తక్కువ. స్ట్రీమింగ్‌లో వచ్చేది ఇంకా తక్కువ. మర్నాటి ఊరికి వ్యాన్ వెళ్ళేది చాలాసార్లు ఆ బల్ల మీద అమ్మినదానితోనే. కొనగలిగితే ఒకటి కొనండి. మొదటి రెండు బ్యాండ్లలో ఏది నచ్చితే దానిది కూడా.

మాట్లాడాలా అని మీరు అడగలేదు కానీ ఉత్తరమంతా అదే ఉంది. మాట్లాడండి. 'నేను మీకు పెద్ద ఫ్యాన్ని' అంటే వాళ్ళకి థాంక్స్ అనడం తప్ప దారి ఉండదు. 'రెండో పాటలో డ్రమ్స్ ఆగిపోయి గొంతు ఒక్కటే వచ్చిన చోటు బాగుంది' అనండి, కబుర్లు వాటంతటవే వస్తాయి. రెండు నిమిషాలు మాట్లాడి వెనకున్నవాళ్ళకి చోటివ్వండి. ఆంప్ మోసుకెళ్తున్న మనిషిని మాత్రం ఆపకండి, అది చాలా బరువు. తలుపు తెరిచి పట్టుకుంటే మీరిచ్చిన ఏ పొగడ్త కన్నా ఎక్కువ సంతోషిస్తారు.

ఇక ఆ రెండో టికెట్. లాభానికి అమ్మే ఆలోచన మీకు లేదని తెలుసు, ఉన్నా మానుకోండి. టికెట్లు అయిపోయి ఉంటే ముందు రోజు ఆ బ్యాండ్ పోస్టు కింద 'ఒకటి మిగిలింది, కొన్న ధరకే' అని రాయండి. నిమిషాల్లో ఎవరో ఒకరు తీసుకుంటారు. టికెట్ మీ ఫోన్లో ఉండి పేరు మార్చడానికి వీల్లేకపోతే వాళ్ళని గుమ్మం దగ్గరే కలిసి ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళండి. షోకి టికెట్లు ఇంకా మిగిలే ఉన్నాయంటే మీ రెండోది గుమ్మం మనిషికి చెప్పి వదిలేయండి: 'డబ్బులు చాలక వెనక్కి తిరిగేవాళ్ళు ఎవరైనా వస్తే పంపించండి' అని. అలాంటి పిల్లలు చాలాసార్లు ఒకరిద్దరైనా వస్తారు.